ఎర్ర చుక్క పెట్టిన మూల

శుక్రవారం లోపు అయిపోవాల్సినవి:

ద్రవ నైట్రోజన్, రెండు డబ్బాలు.
లేజర్ దారిలో ఉన్న అద్దాలన్నీ తుడవడం.
మూడో నంబరు శాంపిల్‌కి తీగలు (తీగలక్కకి చెప్పాలి).
అయస్కాంతం ఒక దిక్కున పెట్టి చల్లార్చి, వెలుతురు వేసి, కరెంటు కొలవడం.
దిక్కు మార్చి మళ్ళీ అదంతా.
గ్రాఫు సారుకి.
అమ్మకి ఫోను.

ఈ జాబితా రాసుకున్న అమ్మాయిని ఆ ల్యాబులో అందరూ కొత్తమ్మాయి అంటారు. ఆమె వచ్చి మూడేళ్ళు దాటింది. తరవాత ఇంకెవరూ చేరలేదు కాబట్టి ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. జాబితాలో ఆఖరిది తప్ప మిగతావన్నీ అనుకున్న వేళకే అయిపోయాయి. ఆ ఆఖరిది ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే తీగలక్క దగ్గర మొదలుపెట్టాలి.

తీగలక్క బల్ల కిటికీ పక్కన ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే మైక్రోస్కోపు. ఉద్యోగం మాత్రం ఏడాదికో కొత్త కాగితం. సోమవారం పొద్దున కొత్తమ్మాయి స్టూలు లాక్కుని ఆ బల్ల దగ్గర కూర్చునేసరికి, ఆమె అప్పటికే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మైక్రోస్కోపులో తల పెట్టేసింది.

శాంపిల్ అంటే బియ్యపు గింజలో సగం ఉండే నల్లటి స్ఫటికం. దానికి నాలుగు చోట్ల, తల వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలు అంటించాలి. సూది మొనని వెండి పేస్టులో ముంచి, ఆ మొన మీద నిలిచినంత చుక్కతో తీగని అతికిస్తుంది తీగలక్క. ఊపిరి బిగబట్టి చేసే పని కాదది. ఊపిరి వదిలేశాక, మళ్ళీ పీల్చుకునే లోపల ఉండే ఆ కాస్త ఖాళీలో చెయ్యి కదులుతుంది.

"బిగబడితే గుండె చప్పుడు వేళ్ళలోకి వస్తుందే," అంది తల ఎత్తకుండానే. "వదిలేసినప్పుడే చెయ్యి మన మాట వింటుంది."

తీగలకన్నా ముందు ఇంకో పని ఉంది. స్ఫటికాన్ని ఎక్స్‌రే గది ఆయన ఫొటో తీసి, ఏ కొస ఏ దిక్కో ఒక కాగితం మీద బాణం గుర్తు వేసి, రెండూ ఒక డబ్బాలో పెట్టి పంపిస్తాడు. స్ఫటికం చూడబోతే రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఒకసారి ట్వీజర్‌లోంచి జారి అటుదిటు అయిందంటే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. అందుకని డబ్బా విప్పగానే తీగలక్క చేసే మొదటి పని, బాణం కొన ఉన్న వైపు మూలలో ఒక ఎర్ర చుక్క పెట్టడం. ఆ రంగు ఏ కంపెనీదీ కాదు, సొరుగులో ఉన్న నెయిల్ పాలిష్ సీసాలోది. సూది మొనతో పెడుతుంది, కంటికి ఆనదు, మైక్రోస్కోపులో మాత్రం కుంకుమ బొట్టంత కనపడుతుంది. ఆమె గోళ్ళకి ఎన్నడూ ఆ రంగు వేసుకోలేదు.

"ఇది అయస్కాంతమే అంటారు గదా," అంది తీగలక్క. "నా ట్వీజర్‌కి ఒక్కనాడూ అంటుకోదేం?"

"లోపల ఉన్నవన్నీ చిన్న చిన్న అయస్కాంతాలే అక్కా. సగం ఇటు చూస్తాయి, సగం అటు చూస్తాయి. బయటికి లెక్క సున్నా."

"అత్తాకోడళ్ళు ఉన్న ఇల్లన్నమాట. బయటికి చప్పుడు రాదు."

కొత్తమ్మాయికి నవ్వొచ్చింది. "మామూలుగా అలాంటివి దేనికీ పనికిరావనుకుంటారు. దీని వరస వేరు. వెలుతురు పడితే చాలు, బ్యాటరీ లేకుండానే కరెంటు ఓ వైపుకి పారుతుంది. ఎటు పారిందో చూస్తే లోపల ఎవరు ఎటు తిరిగి ఉన్నారో తెలిసిపోతుంది."

"ఎంత కరెంటు పారుతుందేమిటి?"

"దోమ కూడా లెక్కచెయ్యనంత."

"అంత దానికి మీ సారు పది రోజుల నుంచీ నిద్ర మానేశారా," అని తీగలక్క నాలుగో తీగ అంటించి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ల్యాబు నడిపే సారు నిద్ర మానేయడానికి కారణం శుక్రవారం వచ్చే కమిటీ. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు సాగాలో ఆగాలో వాళ్ళు తేలుస్తారు. వేరే ఊళ్ళో ఉన్న లెక్కలాయన, బాణం దిక్కుకి కరెంటు ప్లస్‌లో వస్తుందని ఆర్నెల్ల కిందటే కాగితం మీద తేల్చి పెట్టాడు. వెలుతురు వేసి ఆ ప్లస్ చూపించడం ఒక్కటే మిగిలింది.

మంగళవారం కొత్తమ్మాయి శాంపిల్‌ని చల్లార్చే గొట్టంలో పెట్టబోతూ ఆఖరుసారి మైక్రోస్కోపులో చూసింది. తీగలు నాలుగూ ముత్యాల్లా ఉన్నాయి. ఓ మూలకి మాత్రం, కింద ఏముందో తెలియకుండా గ్రీజు అంటినట్టు మసగ్గా ఉంది. గ్రీజు మీద లేజర్ పడితే అనవసరమైన వేడి పుట్టి, లేనిపోని కరెంటు కనపడుతుంది. ఇదివరకు ఒకసారి అలా వారం రోజులు పోగొట్టుకుంది కూడా. అందుకని పుల్లకి దూది చుట్టి, జిడ్డూ రంగూ కరిగించే అసిటోన్‌లో ముంచి, తీగలకి తగలకుండా ఆ మూలని మెల్లగా తుడిచింది. మసక పోయింది. దూది కొన లేత గులాబీ రంగుకి తిరిగింది. అది ఆమె కళ్ళ పడింది. పడినా, పుల్లని తీగలక్క బల్ల కింది చెత్తబుట్టలో వేసేసి, గొట్టం మూత బిగించుకుంటూ పోయింది. చూసినదాన్ని తెలుసుకోవడానికి ఆమెకి ఒక రోజు పట్టింది.

బుధవారం చీకటి గదిలో లేజరన్నతో కలిసి కొలత మొదలుపెట్టింది. లేజరన్న ఆ గదిలో వెలుతురుకి సంబంధించిన సమస్తానికీ కాపలాదారు. చేతి వాచీ కూడా తీయించి గాని లోపలికి రానివ్వడు, ఎక్కడ మెరుస్తుందోనని. నైట్రోజన్ పొగలు నేల మీద పాకుతున్నాయి. బాణం కొన ఎప్పట్లా ఎడమ పక్క పై మూలే అనుకుని, అయస్కాంతాన్ని దానికి తగ్గట్టు పెట్టి చల్లార్చారు. పచ్చటి వెలుతురు గొట్టం కిటికీలోంచి లోపలికి పోయింది. మీటరు మీద అంకె కదిలింది.

"మైనస్," అన్నాడు లేజరన్న.

"కేబుల్ తిరగబడిందేమో చూడన్నా."

కేబుళ్ళు చూశాడు. సరిగ్గానే ఉన్నాయి. వేడెక్కించి, అయస్కాంతం దిక్కు మార్చి, మళ్ళీ చల్లార్చారు. ఈసారి ప్లస్ వచ్చింది. వెలుతురు ఆపితే సున్నా. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి, లెక్కలాయన కాగితానికి తలకిందులుగా ఉన్నాయి, అంతే.

సారు వచ్చి గ్రాఫు చూశారు. చెడ్డ మనిషి కాదాయన, కేకలు వేసే అలవాటూ లేదు. రెండు సార్లు చూసి, కళ్ళు నులుముకుని, "తీగలావిడని పిలవండి," అన్నారు.

గొట్టంలోంచి శాంపిల్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. తీగలక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చుక్క ఏ మూలలో పెట్టారమ్మా?"

"ఎడమ పక్క పై మూలలో సార్, ఎప్పట్లాగే."

"చూపించండి."

ఆమె వంగి చూసింది. కళ్ళజోడు దించుకుని చూసింది, నుదుటి మీదికి నెట్టి మళ్ళీ చూసింది. అద్దం మర ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆ మూల నున్నగా, నల్లగా ఉంది.

"పెట్టాను సార్."

"పెట్టింది ఎక్కడికి పోతుందమ్మా," అన్నారు సారు, ఎంతో మెత్తగా. "తప్పు ఎవరివల్లయినా జరుగుతుంది. కళ్ళకి మాత్రం వయసు రాదా?"

గులాబీ రంగు దూది పుల్ల అప్పుడు వచ్చి నిలబడింది కొత్తమ్మాయి కళ్ళ ముందు. నోరు తెరిచింది కూడా. తెరిస్తే వచ్చే మొదటి మాట ఏదో తోచలేదు. తోచే లోపలే సారు లేచిపోయారు. లేజరన్న లైటు వేశాడు. తీగలక్క ఒక్కతే వంగి ఇంకా ఆ మూల కేసి చూస్తూ ఉంది.

కొత్తమ్మాయి ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే అమ్మ, "ఈవేళేం చేశావే?" అని అడుగుతుంది. రోజూ అడిగే మాటే అది. ఇంట్లో వేలిముద్ర కాక సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషి కొత్తమ్మాయి. చదువంటే ఏమిటో అమ్మకి తెలియదు గానీ, చదువుకున్నవాళ్ళు రోజూ ఏదో ఒక మంచిపని చేసి ఇంటికొస్తారని గట్టి నమ్మకం.

గురువారం మధ్యాహ్నానికి కమిటీకి ఇచ్చే నివేదిక తయారైంది. సారు గ్రాఫుని తిరగేశారు. తిరగెయ్యడం అంటే పెద్ద పనేం కాదు, కంప్యూటర్లో ఆ అంకెల వరసని మైనస్ ఒకటితో గుణించడమే. గీతకి కింద ఉన్న చుక్కలన్నీ గీతకి పైకి లేచి కూర్చున్నాయి. కింద ఒక వాక్యం చేరింది: శాంపిల్ అమరికలో టెక్నీషియన్ వల్ల జరిగిన పొరపాటును గుర్తించి, కరెంటు దిక్కును సవరించడమైనది.

కొత్తమ్మాయి ఆ కాగితం పట్టుకుని సారు గదిలోకి వెళ్ళింది.

"సార్, చుక్క ఉంది. అసిటోన్‌తో నేనే తుడిచేశాను."

సారు పెన్ను పక్కన పెట్టారు. "ఎప్పుడు?"

"మంగళవారం."

"అంటే నిన్న ఆవిడని పిలిపించినప్పుడు నీకు తెలుసు."

"అప్పుడే తెలిసింది సార్."

ఆయన కోప్పడితే బాగుండునని ఎదురుచూసింది. కోప్పడలేదు. కుర్చీ వెనక్కి వాలారు.

"సరే, చుక్క ఉందనే అనుకుందాం. తుడిచేటప్పుడు అది ఏ మూలలో ఉందో చూశావా? అది బాణం వైపు మూలేనని నువ్వు చెప్పగలవా?"

చూడలేదు. గ్రీజు మసకే చూసింది గానీ చుక్కని చూడలేదు. శాంపిల్ మైక్రోస్కోపు కింద ఎటు తిరిగి ఉందో కూడా ఇప్పుడు గుర్తులేదు.

"లేదు సార్."

"మరి నువ్వు చెప్పినదానికి, చెప్పకపోయినదానికి తేడా ఏముందమ్మా? ప్లస్ రావాలంటోంది లెక్క. వచ్చింది మైనస్. లెక్కయినా తప్పాలి, చెయ్యయినా తప్పాలి. ఎవరి వైపు నిలబడమంటావు నన్ను?"

"ఎక్స్‌రే మళ్ళీ తీయిస్తే తెలిసిపోతుంది సార్."

"ఎక్స్‌రే సోమవారం దాకా ఖాళీ లేదు. కమిటీ రేపు." ఆయన గొంతు తగ్గించారు. "ప్రాజెక్టు పోతే ఆవిడ కుర్చీ ఒక్కటే కాదు, నీదీ ఉండదు, ఆ లేజరు కుర్రాడిదీ ఉండదు. ఇది మామూలుగా అందరూ రాసే వాక్యమే. ఎవరూ పట్టించుకోరు."

కొలతలు తీసినవారి సంతకం అని రాసి ఉన్న చోటు వేలితో చూపించారు. కొత్తమ్మాయి సంతకం పెట్టింది. చిన్నప్పుడు పలక నిండా రాసి రాసి కుదుర్చుకున్న సంతకమే, ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

బయటికి వస్తే, తీగలక్క బల్ల దగ్గర పని చేస్తోంది. ఆవేళ చెయ్యవలసిన శాంపిల్ ఏదీ లేదు. విరిగిపోయిన పాత ముక్క ఒకటి పెట్టుకుని దానికి తీగలు వేస్తోంది.

"ఇలా రా. ఇది సరిగ్గా అంటిందో లేదో చూడు."

కొత్తమ్మాయి చూసింది. "సరిగ్గానే ఉందక్కా."

"మధ్యలోనే ఉందా? పక్కకి జరగలేదూ?"

"మధ్యలోనే ఉంది."

తీగలక్క ఆ తీగ పీకేసి, మళ్ళీ వేసింది. మళ్ళీ చూడమంది. మూడోసారి ఊపిరి వదలడం మరిచిపోయి బిగబట్టింది. చెయ్యి వణికింది. తీగ పక్కకి పోయింది. తీగలక్క చెయ్యి వణకడం కొత్తమ్మాయి చూడటం మూడేళ్ళలో అదే మొదలు.

"అక్కా, ఆ చుక్క నేనే తుడిచేశాను. గ్రీజు అనుకుని."

"తెలుసు."

"తెలుసా?"

"నా బల్ల కింది చెత్తబుట్టే గదా. దూది చూశాను. పంతొమ్మిదేళ్ళ నుంచీ పెడుతున్న రంగు, నాకు తెలీదూ?"

"మరి సారుతో చెప్పలేదేం?"

తీగలక్క సూదిని గుడ్డతో తుడిచి, పెట్టెలో దాని గాడిలో పెట్టింది. "చెప్పేదాన్నే. చుక్క పెట్టిన మాట నిజమే, అది సరైన మూలేనా అని అడిగారనుకో. మొన్నటిదాకా అయితే టక్కున అవునని చెప్పేదాన్ని. నిన్న అందరి ముందూ అంతసేపు ఆ నల్లటి మూల చూశాక, ఇప్పుడు చెప్పలేనే. కాగితం తిరగేసి పట్టుకున్నానేమో. బాణం కొన అనుకుని తోక వైపు పెట్టానేమో. ఏమో, ఎవరికి తెలుసు?"

చుక్క చెరిపితే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇప్పుడు చెరిగింది అది కాదు.

శుక్రవారం కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు గీతకి పైన ఉన్న చుక్కలు చూసి తలలూపారు. ఒకాయన, అమరికలో పొరపాటు పట్టుకున్నందుకు సారుని మెచ్చుకున్నాడు కూడా. ప్రాజెక్టు మూడేళ్ళకి నిలబడింది. లేజరన్న అందరికీ టీలు తెచ్చాడు. టీ తాగుతుండగానే ఆఫీసు గుమాస్తా ఒక కవరు తెచ్చి తీగలక్క చేతిలో పెట్టాడు. వచ్చే ఏడాదికి కాగితం రాదట, నెలాఖరు శనివారమే ఆఖరు రోజట. అంటే మర్నాడే.

కొత్తమ్మాయి గుమాస్తా వెనకాల మెట్ల దాకా పరిగెత్తింది.

"కారణం ఏం రాశారండీ?"

"నేను రాసేదేముందమ్మా? పోస్టులు తగ్గించమని పైనుంచి వచ్చింది. ఎవరి మీద రిమార్కు ఉంటే వాళ్ళ పేరు ముందు. మీ నివేదికలో ఉన్న వాక్యమే ఫైల్లో ఎక్కించాను." ఆయన చంకలో ఫైళ్ళు సర్దుకున్నాడు. "కింద మీ సంతకం కూడా ఉంది కదా."

శనివారం తీగలక్క ట్వీజర్లు పదకొండూ స్పిరిట్‌తో కడిగి, ఎండబెట్టి, పెట్టెలో వరసగా పెట్టింది. వెండి పేస్టు సీసా మూత బిగించి, ఎంత మిగిలిందో పక్కన కాగితం మీద రాసింది. మైక్రోస్కోపుకి గుడ్డ ముసుగు వేసింది. సొరుగులో ఆమెది అంటూ ఉన్నవి ఒక దువ్వెన, ఒక తలనొప్పి మందు డబ్బా, ఆ నెయిల్ పాలిష్ సీసా. మొదటి రెండూ సంచిలో వేసుకుంది. సీసాని పైకెత్తి వెలుతురులో చూసి, అడుగున ఇంకా రంగు ఉండటంతో, మళ్ళీ సొరుగులోనే పెట్టేసింది.

"పారెయ్యకు," అంది. "చుక్క పెట్టాక పది నిమిషాలు ఆరనివ్వు. తడి మీద తుడిస్తే ఒక్కసారికే పోతుంది."

"ఆరినా పోతుందక్కా అసిటోన్‌కి."

"అవును గదా," అని నవ్వింది తీగలక్క. సంచి భుజాన వేసుకుని, అలవాటు ప్రకారం లైటు ఆర్పబోయి, లోపల ఇంకా మనుషులున్నారని గుర్తొచ్చి, ఆర్పకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం ఎక్స్‌రే గది ఖాళీ అయింది. కొత్తమ్మాయి ఆ గది ఆయన పక్కనే నిలబడి ఫొటో తీయించుకుంది. ఆయన పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూసి, తీగల మధ్య ఎడమ పక్క పై మూల మీద పెన్సిల్ కొన ఆనించాడు.

"బాణం కొన ఇక్కడే. తీగలు వేసినామె సరిగ్గానే పెట్టింది. ఆమె ఎప్పుడు తప్పు పెట్టింది గనక?"

ఆ ఫొటో పట్టుకుని సారు గదికి వెళ్ళేసరికి, ఆయన కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నారు, ముఖం వెలిగిపోతోంది. లెక్కలాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. గ్రాఫు తిరగెయ్యాల్సి వచ్చిందని నివేదికలో చదివాక ఏదో అనుమానమొచ్చి ఆయన లెక్క మళ్ళీ మొదటి నుంచీ చేసుకున్నాడట. ఎలక్ట్రాన్ మీద ఉండేది రుణావేశం గనక ఒక చోట మైనస్ రాయాలి, ఆర్నెల్ల కిందట అది రాయడం మరిచిపోయాడట. బాణం దిక్కుకి రావలసింది మైనస్సేనట. క్షమించమని రాశాడు.

"చూశావా," అన్నారు సారు, పొంగిపోతూ. "లెక్క తప్పింది గానీ మన శాంపిల్ తప్పలేదు. ఇప్పుడు చూడు మన పేపరు ఎక్కడికి వెళ్తుందో."

కొత్తమ్మాయి ఎక్స్‌రే ఫొటో బల్ల మీద పెట్టింది. సారు దాన్ని చూశారు. తరవాత కూర్చుని, అంకెల వరసని మళ్ళీ మైనస్ ఒకటితో గుణించారు. గీతకి పైన ఉన్న చుక్కలు గీతకి కిందికి దిగి, అసలు చోట్లో కూర్చున్నాయి. టెక్నీషియన్ పొరపాటు అన్న వాక్యం దగ్గరికి వచ్చి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా కొట్టేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"మరి ఫైల్లో ఉన్నది, సార్?"

"కమిటీ ఒప్పుకున్న నివేదిక అది. దాన్ని మళ్ళీ తెరవమంటే ప్రాజెక్టే మళ్ళీ తెరుస్తారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చే ఏడాది ఖాళీలు పడితే నేను స్వయంగా మాట్లాడతాను. నా మాట నమ్ము."

నమ్మింది. ఆయన ఆ మాట మనసారా అన్నారని తెలుస్తూనే ఉంది. వచ్చే ఏడాది ఆయనకి గుర్తుండదని కూడా తెలుస్తూనే ఉంది.

మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది, అమ్మకి కాదు.

"అక్కా, ఎక్స్‌రే వచ్చింది. మీరు సరైన మూలలోనే పెట్టారు."

అవతల కుళాయి కింద బిందె నిండుతున్న శబ్దం.

"నిన్న కళ్ళ డాక్టరు కూడా అదే అన్నాడు," అంది తీగలక్క. "కళ్ళు బాగున్నాయి, ఈ కళ్ళజోడు కూడా అక్కర్లేదు అన్నాడు. నేనే నమ్మలేదు." కుళాయి కట్టేసిన చప్పుడు. "సరేలే, పనిలో ఉన్నాను. నువ్వు తిన్నావా?"

"తిన్నానక్కా," అని అబద్ధం చెప్పింది కొత్తమ్మాయి.

ఆ పేపరు తరవాత అచ్చయింది. కృతజ్ఞతల్లో నైట్రోజన్ సరఫరా చేసిన విభాగం ఉంది, ఎక్స్‌రే గది ఉంది, కమిటీ ఉంది. ఒక పేరు చేర్చమని కొత్తమ్మాయి రెండుసార్లు అడిగింది. అప్పటికి జీతాల పట్టీలో లేనివాళ్ళని వేయడం రివాజు కాదన్నారు. ఇలాంటివి చదివేవాళ్ళు తక్కువ, అయినా ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడొచ్చు. ఒక నల్లటి స్ఫటికం, పచ్చటి వెలుతురు, సున్నా గీతకి కిందుగా వరసగా దిగిన చుక్కలు. అవి ఎందుకు కిందికి దిగాయో రాసి ఉంటుంది గానీ, అవి అక్కడే ఉండాలని ముందు చెప్పిన చెయ్యి ఎవరిదో రాసి ఉండదు. ఆ గ్రాఫు చూసినప్పుడు, ఊపిరి వదిలేసి, ఎడమ పక్క పై మూలలో సూది మొనతో ఎర్ర చుక్క పెట్టిన ఆవిడని ఒక్కసారి గుర్తుచేసుకోండి.